అందరి చదువు, ఎవరి కొలువు?

మన దగ్గర చదువులో సమానత్వం మాట వచ్చిందంటే లెక్కలు మూడే: ఎన్ని బడులు పెట్టారు, ఎంత సొమ్ము కేటాయించారు, ఎందరికి సీటు దొరికింది. ఎన్నికల వేదిక మీదా ఇవే, శాసనసభలోనూ ఇవే. పొద్దున్నే బడికి వచ్చిన పిల్లకు ఎదురయ్యే మనిషి ఎవరు, పిల్ల ఇంట్లో మాట్లాడే భాష ఆ మనిషికి వచ్చా, జీతం ఎంత, వచ్చే జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ కొలువు ఉంటుందా అన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. హాస్టల్ వార్డెను, గురుకులం టీచరు, విద్యా వాలంటీరు, దివ్యాంగ పిల్లలకు పాఠం చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయిని, మధ్యాహ్న భోజనం వండే ఆమె, విశ్వవిద్యాలయంలో వివక్ష ఫిర్యాదులు అందుకునే అధికారి: వెనకబడ్డ వర్గాల పిల్లలకు ప్రభుత్వమంటే ఆచరణలో వీళ్లే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం. దళితుల్లో 62, గిరిజనుల్లో 49. ఒక చోట ఐదు శాతం ఎడం, ఇంకో చోట పద్దెనిమిది. రెండు వర్గాలకూ రిజర్వేషన్లు ఉన్నాయి, హాస్టళ్లు ఉన్నాయి, ఉపకార వేతనాలు ఉన్నాయి. అయినా ఇంత తేడా ఎందుకు మిగిలింది? భూమి, అడవి, దూరం, పేదరికం అన్నీ కారణాలే. పాఠం చెప్పే మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నది కూడా అందులో ఒకటి, మనం తక్కువగా పట్టించుకున్న కారణం. నూరేళ్ల పైబడి సాగిన సమానత్వ ప్రయత్నాలన్నిటినీ ఆ ఒక్క కోణం నుంచి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

సొంత జేబులోంచి జీతాలు

గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా అందరూ ఎరుగుదురు. తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే ఆగస్టు 29 ఆయన పుట్టినరోజే. పర్లాకిమిడిలో ఆయన చేసిన ఇంకో పని మాత్రం అంతగా చెప్పుకోం. కొండల్లో ఉండే సవరల భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సవర పిల్లలకు బడులు పెట్టి పంతుళ్ల జీతాలు సొంత డబ్బులోంచి ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1913లో రావుసాహెబ్ బిరుదిచ్చి గౌరవించింది. ఆ పంతులు పనిని సర్కారు కొలువుగా గుర్తించి ఉంటే బిరుదు కంటే ఎక్కువ మేలు జరిగేది. ఒక్క మనిషి సంపాదన మీద నడిచే బడికి ఆయుష్షు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

అదే రోజుల్లో ఉర్దూ అధికార భాషగా ఉన్న హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ దళిత వాడల్లో తెలుగు బడులు తెరిచారు. 1910 ప్రాంతంలో మొదలైన ఆ బడులు ఒకదానికొకటి తోడై పెరిగాయి, తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. సమాజం చందాలతో మొదలైన పని సర్కారు ఖజానా మీదికి ఎక్కడం మన చరిత్రలో అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

మూడో ఉదాహరణ అన్నిటికంటే ఆసక్తికరమైంది. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కొమురం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాక ఆదిలాబాద్ అడవుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయి గూడెంలో ఉండి గోండుల బతుకును దగ్గర నుంచి చూశారు. 1943లో అక్కడ గోండు విద్యా పథకం మొదలైంది. దాని ప్రత్యేకత పిల్లల బడితో మొదలు కాకపోవడం. ముందు గోండు యువకులను కూడగట్టి పంతుళ్లుగా తయారు చేశారు. వాళ్ల కోసం దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేయించారు. తయారైనవాళ్లు తమ తమ గూడేలకు పోయి బడులు తెరిచారు. ఆ శిక్షణ పొందినవాళ్లలో కొందరు పట్వారీలు, అటవీ శాఖ ఉద్యోగులు కూడా అయ్యారు. అంటే బడి వల్ల వచ్చిన మొదటి లాభం అక్షరం కంటే ముందు కొలువు. నిన్నటిదాకా గూడేన్ని అదిలించిన ఉద్యోగి స్థానంలో గూడెం మనిషే కూర్చున్నాడు. హైదరాబాదు రాజ్యం పోయి, పాలనా భాష మారాక ఆ గోండీ వాచకాలు వాడుకలోంచి తప్పుకున్నాయి.

కోస్తాలో, మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ దారి కూడా ఇంచుమించు ఇదే. 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మొదట్లో చేసిన ముఖ్యమైన పని, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఆమె ఆ నమూనాను దేశమంతటికీ తీసుకెళ్లారు. వితంతువులు, ఒంటరి స్త్రీలు రెండేళ్ల సంక్షిప్త కోర్సు చదివి గ్రామసేవికలు, టీచర్లు, నర్సులు కావాలన్నది ఆ ఆలోచన. 1958లో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీకీ ఆమే అధ్యక్షురాలు. సాయం పుచ్చుకునే మనిషిని సాయం చేసే ఉద్యోగిగా మలచడం ఆమె పద్ధతిలోని కీలకం.

ఈ నాలుగూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. గిడుగు బడులకు మంచి పంతులు ఉన్నాడు, నికరమైన జీతం లేదు. మార్లవాయిలో రెండూ ఉన్నాయి, వెనక ఉన్న రాజ్యం మారిపోయింది. ఎవరి కోసం పని జరుగుతోందో వాళ్లలోంచే పనివాళ్లు రావడం, వచ్చినవాళ్లకు అది నిలకడైన కొలువు కావడం, ఈ రెండూ ఒకేసారి కుదిరినంత కాలమే పని నిలిచింది. తర్వాతి డెబ్బై ఏళ్ల కథ కూడా ఈ రెండు షరతుల చుట్టూనే నడిచింది.

ఏజెన్సీ పంతులు

భద్రాచలం, పాడేరు, ఉట్నూరు, సీతంపేట. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్న ఏ ప్రాంతం తీసుకున్నా పాత ఫిర్యాదు ఒకటే: పోస్టు ఉంటుంది, పంతులు ఉండడు. మైదానం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడికి గూడెంలో ఉండటానికి ఇల్లు లేదు, పిల్లల భాష రాదు, బదిలీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు. ఒకటో తరగతి పిల్లాడికి ఆ పంతులు చెప్పేది అర్థం కాదు, పంతులుకు పిల్లాడు అడిగేది అర్థం కాదు. మొదటి రెండేళ్లలో బడి మానేసినవాణ్ణి మనం 'ఆసక్తి లేనివాడు' అని రికార్డులో రాసుకుంటాం.

దీనికి రెండు మందులు ప్రయత్నించారు. ఒకటి భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక వాచకాలు తెచ్చింది: గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. లిపి తెలుగుదే. ఒకటో తరగతిలో చదవడం, రాయడం ఇంటి భాషలోనే మొదలవుతాయి. తెలుగు ముందు మాటగా వినపడి, మెల్లగా పుస్తకంలోకి వస్తుంది. లిపి ఒకటే కాబట్టి నేర్చిన అక్షరం వృథా పోదు. ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా మనిషి దగ్గర వచ్చింది. ఆ వాచకం చెప్పాల్సినవాడికి ఆ భాష రావాలి. రెగ్యులర్ టీచరుకు రాకపోతే గూడెంలో చదువుకున్న కుర్రాణ్ణో అమ్మాయినో విద్యా వాలంటీరుగా పెట్టుకోవాలి. వాలంటీరు కొలువు ఏటా పునరుద్ధరణ మీద ఆధారపడేది. పుస్తకానికి గుర్తింపు వచ్చింది, దాన్ని చదివించే మనిషికి రాలేదు.

రెండో మందు కొలువే. 2000 జనవరిలో ఇచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. ఇరవై ఏళ్లపాటు ఏజెన్సీలో చదువుకున్న యువతకు అదొక భరోసా. బీఈడీ, టీటీసీ చేస్తే సొంత మండలంలో ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు పిల్లల్ని పై చదువులకు పంపారు. 2020 ఏప్రిల్‌లో చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటికే నియమితులైనవాళ్లను మాత్రం కదపవద్దని షరతులతో చెప్పింది.

తీర్పు మీద వాదం ఇప్పటికీ చల్లారలేదు. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రత్యేక రక్షణ ఉద్దేశాన్నే అది దెబ్బ కొట్టిందని ఆదివాసీ సంఘాల వాదన. అదే ప్రాంతంలో పుట్టి పెరిగిన మిగతా వర్గాల నిరుద్యోగుల హక్కు మాటేమిటని మరో పక్క ప్రశ్న. రెండు పక్షాలూ పట్టించుకోని అంశం ఒకటుంది. జీవో 3 అడిగింది పుట్టుకను, బడికి కావాల్సింది భాష. కోయ వచ్చినవాళ్లనే కోయ గూడెం బడికి తీసుకుంటామని నియామక అర్హతలో రాసుకుంటే ప్రయోజనం చాలావరకు స్థానిక గిరిజనులకే దక్కుతుంది. కోర్టులో నిలబడటానికి కూడా అది గట్టి నేల. రాష్ట్రాలు ఆ దారి గురించి గట్టిగా ఆలోచించాలి.

గురుకులం గెలుపు, దాని ఖరీదు

తెలుగు నేల మీద చదువులో సమానత్వానికి అతి పెద్ద ప్రయోగం గురుకులం. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటిది తెరుచుకుంది. ఊళ్లో తెలివైన పేదపిల్లాడికి పట్నం కాన్వెంటుకు దీటైన చదువు ఇవ్వాలన్నది ఆలోచన. 1980ల్లో సాంఘిక సంక్షేమ శాఖ దళిత పిల్లల కోసం ప్రత్యేకంగా గురుకులాలు పెట్టడంతో దాని స్వభావం మారింది. ఆ మార్పు వెనక వినపడే పేరు ఎస్.ఆర్. శంకరన్. వెట్టి చాకిరి విముక్తి కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి. పెళ్లి చేసుకోలేదు. జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకు పోయేది. హాస్టల్ తనిఖీకి వెళ్తే రికార్డుల కంటే ముందు పిల్లల పక్కన కూర్చునే అధికారిగా ఆయనకు పేరు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

2012 తర్వాత ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో సాంఘిక సంక్షేమ గురుకులాలకు కొత్త ఊపు వచ్చింది. 2014 మే 25న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు మరో గురుకుల విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. హాస్టల్ పిల్లలంటే జాలి చూపు చూసే అలవాటుకు ఆ ఒక్క వార్త పెద్ద దెబ్బ. వైద్య కళాశాలల్లో, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో గురుకులం పిల్లలు కనిపించడం మామూలైంది. తెలంగాణలో అన్ని సొసైటీలవి కలిపి గురుకులాలు వెయ్యి దాటాయి.

ఈ గెలుపును తక్కువ చేయడం అన్యాయం. అయినా మూడు ఖర్చులు లెక్కలోకి రావాలి.

మొదటిది, పేరు పడ్డ అధికారి మీద ఆధారపడటం. శంకరన్ కాలం, ప్రవీణ్‌కుమార్ కాలం అని చెప్పుకుంటున్నామంటే మధ్యలో ఉన్న కాలాలు అలా లేవనే కదా అర్థం. అధికారి బదిలీ అయితే తగ్గిపోయే సమానత్వం వ్యవస్థగా మారనట్టే.

రెండోది, వార్డెను, వంటగది. తెలంగాణలో 2024 చివర్లో మెస్ చార్జీలు 40 శాతం పెంచేదాకా 3 నుంచి 7 తరగతుల పిల్లలకు నెలకు ఇచ్చింది 950 రూపాయలు. రోజుకు 32 రూపాయలు కూడా పడని ఆ సొమ్ములోనే పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, సాయంత్రం చిరుతిండి. పెంచాక 1,330 అయింది, అంటే రోజుకు 44 చిల్లర. కూరగాయల ధర ఎక్కిన వారం వార్డెను పప్పు పల్చన చేయాలి, లేదా కొట్టువాడి దగ్గర అప్పు పెట్టాలి. అదే ఏడాది ఆహారం వికటించి పిల్లలు ఆస్పత్రుల పాలైన వార్తలు వరసగా వచ్చాయి. చాలాసార్లు వార్డెను సస్పెన్షనుతోనే ఫైలు ముగిసింది. తప్పు చేసినవాళ్లను శిక్షించాల్సిందే. ఆ రేటుకు ఆ భోజనం పెట్టమని చెప్పినవాళ్ల బాధ్యత మాత్రం ఏ ఫైలులోనూ రాలేదు.

మూడోది అన్నిటికంటే లోతైంది. ఎస్సీ గురుకులం ఒకటి, ఎస్టీది ఒకటి, బీసీలకు వేరు, మైనారిటీలకు వేరు. ప్రతి సొసైటీలో మిగతావాళ్లకు కొన్ని సీట్లు ఉంటాయి. అయినా పిల్లలు ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కువగా తమలాంటివాళ్ల మధ్యే పెరుగుతారు. ఆధిపత్య కులాల పిల్లలు ఇంకో పక్క ప్రైవేటు బడుల్లో తమలాంటివాళ్ల మధ్యే ఉంటారు. గురుకులం సమానత్వాన్ని సాధించింది, వైవిధ్యాన్ని వదిలేసింది. ఇరవై ఏళ్లకు వీళ్లిద్దరూ ఒకే ఆఫీసులో ఎదురుపడినప్పుడు ఒకరి గురించి ఒకరికి తెలిసింది సినిమాల్లో చూసిందే అవుతుంది. వేర్వేరు సొసైటీల పిల్లలను ఒకే ప్రాంగణంలోకి తెస్తామంటూ తెలంగాణ 2024లో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలను ప్రకటించింది. దిశ సరైందే. ప్రాంగణం ఒకటైనంత మాత్రాన కలిసిపోతారన్న నమ్మకం మాత్రం అక్కర్లేదు. కలిపి కూర్చోబెట్టడం, గొడవ వస్తే తీర్చడం, వెక్కిరింపును పసిగట్టడం నేర్చుకున్న టీచర్లు దానికి కావాలి.

ఊరి బడినే మార్చాలన్న దారి

గురుకులానికి ఎదురు వాదాన్ని ఆచరణలో పెట్టింది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. పిల్లను ఊరి నుంచి తీసుకుపోయి మంచి బడిలో పెట్టడం ఒక పద్ధతి. ఊరి బడి ఆ పిల్లను తీసుకునేలా చేయడం ఇంకో పద్ధతి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పిన శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికులతో పని ప్రారంభించింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడాను వాళ్లు ఒప్పుకోలేదు. గొర్రెలు కాసే పిల్లాడు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటిపట్టున ఉండే పిల్ల కూడా వాళ్ల లెక్కలో పనివాళ్లే.

మహబూబ్‌నగర్, కర్నూలు చేలల్లో పత్తి విత్తనాల క్రాసింగ్‌కు ఆడపిల్లలను పెట్టుకునేవాళ్లు. పువ్వు ఎత్తు పిల్లల ఎత్తు ఒకటి కాబట్టి, వాళ్ల వేళ్లు చిన్నవి కాబట్టి ఈ పనికి వాళ్లే బాగుంటారని రైతుల మాట. అలాంటి పిల్లను పదమూడేళ్లప్పుడు బడిలో చేర్పిస్తే ఏ తరగతిలో కూర్చోబెట్టాలి? ఒకటో తరగతిలో పసిపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో వారం తిరక్కుండా మానేస్తుంది. అందుకే బ్రిడ్జి కోర్సు శిబిరం పుట్టింది. కొన్ని నెలలు అక్కడే ఉంచి, ఆటతో మొదలుపెట్టి, వయసుకు తగ్గ తరగతికి తయారు చేసి, ఊరి బడికి తీసుకెళ్లి అప్పజెప్పేవాళ్లు. అప్పుడు అసలు గొడవ మొదలయ్యేది. పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారు. టీసీ ఏదంటారు. అడ్మిషన్లు ముగిశాయంటారు. ఈ అడ్డంకులను ఒక్కొక్కటే తొలగించే పని చేసింది సంస్థలో పనిచేసే ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలు. వాళ్లలో చాలామంది తమ ఇళ్లలో మొదటి తరం చదువుకున్నవాళ్లు.

2009 విద్యాహక్కు చట్టం చదివితే ఆ గొడవలన్నీ సెక్షన్లుగా కనిపిస్తాయి. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలన్నది 4వ సెక్షను. వయసు ధ్రువపత్రం లేదని తిప్పిపంపకూడదన్నది 14వది. గడువు దాటి వచ్చినా కాదనకూడదన్నది 15వది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. ఊళ్లో పనిచేసినవాళ్ల అనుభవం చట్టంలోకి ఎక్కింది. వాళ్ల పని మాత్రం ఉద్యోగాల జాబితాలోకి ఎక్కలేదు. బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి, తండ్రితో మాట్లాడి, పెళ్లి ఆపి, తిరిగి బడికి తెచ్చే బాధ్యత ఇవాళ ఎవరిది? క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ది అంటారు, టీచరుది అంటారు, అంగన్‌వాడీ ఆయాది అంటారు.

ఆడపిల్లల విషయంలో ఇదే మలుపు. మహిళా సమాఖ్య కార్యక్రమం 1993లో మన దగ్గరికి వచ్చి మహిళా శిక్షణ కేంద్రాల్లో బడి మానేసిన అమ్మాయిలను ఉంచి చదివించింది. గ్రామ మహిళా సంఘాల వాళ్లే దానికి కాపలా. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు (కేజీబీవీలు) వచ్చాయి. అవి అంతకంటే చాలా పెద్దవి, మరింత ఉపయోగం కూడా. వాటిని నడిపేది కాంట్రాక్టు టీచర్లు, వాళ్లే రాత్రి కాపలా కూడా. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్షా ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ వారాల తరబడి సమ్మె చేశారు. కేజీబీవీల్లో పాఠాలు ఆగాయి, మండలాల్లో ఫైళ్లు ఆగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది ముందు అదే జరిగింది. అట్టడుగు ఆడపిల్లల చదువు మొత్తం ఎవరి భుజాల మీద ఉందో ప్రభుత్వాలకు అలా తెలిసింది.

భవిత కేంద్రం, వంటశాల

మండలానికో భవిత కేంద్రం పెట్టి దివ్యాంగ పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులను ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. తెలంగాణలో వాళ్లను ఐఈఆర్పీలంటారు, ఆంధ్రలో ఐఈఆర్టీలంటారు. ఒక్కరిద్దరు మనుషులు. మండలంలోని బడులన్నీ తిరగాలి, కదల్లేని పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పాలి, ఫిజియోథెరపీ రోజున తల్లులను పిలిపించాలి, వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ కోసం ఆస్పత్రికి తోడు వెళ్లాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వినికిడి లేని పిల్లకూ, ఆటిజం ఉన్న పిల్లాడికీ, చూపు లేని పిల్లకూ కావాల్సిన బోధన వేర్వేరు. అన్నీ ఆ ఒక్కరే చూడాలి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై స్థాయిలో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని, పోస్టులు మంజూరు చేయాలని చెప్పింది. మేధోపరమైన వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులోనే ఉంది. శిక్షణ ఇచ్చే చోటు మనకు కొత్త కాదు. శిక్షణ పొందినవాళ్లకు కొలువులే కొత్తగా పుట్టాలి.

ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని పని ఎంత దూరం తీసుకుపోతుందో శ్రీకాంత్ బొల్లా జీవితం చెబుతుంది. మచిలీపట్నం దగ్గరి ఊళ్లో చూపు లేకుండా పుట్టిన ఆయన ఇంటర్‌లో సైన్సు గ్రూపు కోసం వ్యవస్థతో పోరాడి గెలిచారు. బ్రెయిలీలో దొరకని ఆ పాఠాలను ఒక ఉపాధ్యాయిని ఆడియోగా రికార్డు చేసి ఇచ్చారు. ఆయన ఆ పాఠాలు విని చదువుకుని అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు, తిరిగి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆయన పట్టుదల గురించి సినిమా తీశారు. అలా రికార్డు చేయడం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదన్న విషయం గురించి ఎవరూ మాట్లాడలేదు.

వంటశాల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో వండిన భోజనం మొదలైంది. వండేది డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. కులాలవారీగా బడులు విడిపోయిన ఈ రోజుల్లో ఊరి సర్కారు బడి పంక్తి మీద ఇంకా రకరకాల పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒక దళిత స్త్రీ వండింది తింటున్నారంటే, వైవిధ్యం గురించి ఏ సెమినారూ చేయలేని పని అది. ఆ స్త్రీకి కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో 10 నెలలకే. తెలుగు రాష్ట్రాలు తమ వాటా పెంచి 3,000 చేశాయి. కట్టెలకు, కూరగాయలకు, గుడ్లకు ముందు ఆమే పెట్టుబడి పెట్టాలి. బిల్లు మూడు నెలలకో ఆరు నెలలకో వస్తుంది. కిరాణా కొట్టువాడు ఇచ్చే అరువు మీద ప్రభుత్వ పథకం నడుస్తుంది.

పై చదువుల్లో అదనపు బాధ్యత

విశ్వవిద్యాలయాలకు వస్తే సమస్య రూపు మారుతుంది. ఇక్కడ చేరిక కుదిరింది, ఉనికే కష్టం. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్షను రికార్డు చేసింది. 2012లో యూజీసీ ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, ప్రొఫెసర్ స్థాయి వివక్ష నిరోధక అధికారి ఉండాలని నియమాలు చేసింది. నాలుగేళ్లు తిరక్కుండా 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ నియమాలు సరిగా అమలు కావడం లేదంటూ 2019లో ఆయన తల్లి రాధికా వేముల, అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్న ముంబయి వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ప్రొఫెసరుకు క్లాసులున్నాయి, పీహెచ్‌డీ విద్యార్థులున్నారు, పరీక్ష పత్రాలున్నాయి. వాటి మీద వివక్ష నిరోధం ఒక అదనపు బాధ్యత. ఫిర్యాదు ఎవరి మీద వస్తుందో ఆ సహోద్యోగి పక్క గదిలోనే ఉంటాడు. ఆ అధికారి మంచివాడైనా చెడ్డవాడైనా ఈ ఏర్పాటు పనిచేయదు. కళాశాలలో గ్రంథాలయాధికారి ఉన్నాడు, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు. విద్యార్థి ప్రాణం మీదికి వచ్చే విషయానికి మాత్రం పూర్తికాలం మనిషి లేడు.

కొలువు నికరమైతే పని జరుగుతుందా?

ఇంతవరకూ చదివిన పాఠకుడికి ఒక సందేహం రావాలి, వస్తే న్యాయమే. ఏజెన్సీలో బడికి రాని పంతులు శాశ్వత ఉద్యోగే కదా? ఈ సందేహానికి బలమైన ఆధారం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో బడికి ఒక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇస్తే పిల్లల చదువు మెరుగైంది. గైర్హాజరు రెగ్యులర్ టీచర్లలో 27 శాతం, కాంట్రాక్టువాళ్లలో 18. తక్కువ జీతానికే అంతే పని జరిగిందని దీన్ని బట్టి చాలామంది తేల్చారు.

అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఆ కాంట్రాక్టు టీచర్లు ఎక్కువగా అదే ఊరివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు. బడికి రోజూ రావడానికి కారణం ఉద్యోగం పోతుందన్న భయమా, బడి పక్క వీధిలోనే ఇల్లు ఉండటమా? రెండూ ఉండొచ్చు. ఐటీడీఏ ప్రాంతాల్లో వచ్చిన మాబడి పాఠశాలలు కూడా ఇదే సూచించాయి. ఊరివాళ్లే గది చూపించి, తమలోంచి చదువుకున్నవాణ్ణి పంతులుగా ఎంచుకున్న చోట బడి తెరుచుకునే రోజులు పెరిగాయి. భయం పెట్టి ఏడాది పని చేయించుకోవచ్చు. బ్రెయిలీ నేర్పడానికి, ఆటిజం పిల్లాడితో మాట కలపడానికి, కువి వాచకం చెప్పడానికి ఏళ్ల శిక్షణ, ఏళ్ల అనుభవం కావాలి. ఏటా మారే మనుషులతో అవి కుదరవు.

కాబట్టి శాశ్వత కొలువు ఒక్కటే చాలదు, స్థానికత ఒక్కటే చాలదు. కొలువు నికరంగా ఉండాలి, ఆ కొలువుకు జవాబు చెప్పాల్సింది ఊరి తల్లిదండ్రులకు కావాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, సభ్యుల్లో సగం ఆడవాళ్లే కావాలంది. ఆ కమిటీ చేత సున్నం వేయించడం, స్వాతంత్ర్య దినానికి మిఠాయి పంచించడం లాంటివి మించి చేయించింది తక్కువే. వార్డెను హాజరు, వాలంటీరు పనితీరు, మెస్ బిల్లు ఆ కమిటీ ముందుకు రావాలి.

వీటిలో కొన్నిటికి డబ్బు కావాలి: ప్రత్యేక ఉపాధ్యాయుల కేడర్, కేజీబీవీ టీచర్లకు స్థిరత్వం, వంట మనిషికి కనీస వేతనం, విశ్వవిద్యాలయంలో పూర్తికాలం అధికారి. ఖజానా ఖాళీ అని ప్రభుత్వాలు అంటాయి, వాదించాల్సిందే. కొన్నిటికి పైసా అక్కర్లేదు. ఏజెన్సీ నియామకాల్లో గిరిజన భాషా పరీక్ష పెట్టడానికి జీవో చాలు. యాజమాన్య కమిటీకి మెస్ లెక్కలు చూపించడానికి సర్క్యులర్ చాలు. బ్రిడ్జి శిబిరాల్లో, భవిత కేంద్రాల్లో పదేళ్లు పనిచేసినవాళ్ల అనుభవానికి టీచరు నియామకాల్లో మార్కులు కలపడానికి నిబంధన మారిస్తే చాలు. డబ్బు లేదన్న మాట ఈ మూడింటి విషయంలో చెల్లదు. ముందు ఇవి చేసి చూపిస్తే, మిగతావాటికి నిధులు లేవన్న మాటను ఎంతవరకు నమ్మాలో అప్పుడు తేలుతుంది.